లోపలి వాత

పచ్చకామెర్లు వస్తే చేతి మీద వాత పెట్టించుకోవడం మా రాజాం చుట్టుపక్కల ఊళ్లలో నిన్నమొన్నటి దాకా మామూలు సంగతి. ఆ వాత పెట్టే మనిషి పక్క ఊళ్లో ఉంటాడు. ఆదివారం పొద్దున్నే పరగడుపున వెళ్లాలి. ఎర్రగా కాల్చిన చువ్వ ముంజేతికి ఇలా తగిలించి అలా తీసేస్తాడు. పథ్యం చెప్పి పంపేస్తాడు. ఇప్పటికీ మా వైపు అరవై దాటిన వాళ్లను చూస్తే, కొందరి చేతుల మీద ఆ మచ్చ కనిపిస్తుంది.

చిన్నప్పుడు నాకో సందేహం ఉండేది. జబ్బు కడుపులో ఉంటే చేతి మీద కాల్చడమేమిటని మా మామ్మను అడిగాను. "చేతికి పెడితే లోనకి తగుల్తాదిరా" అంది. అంతకన్నా విడమరచి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ ఆవిడకు కనిపించలేదు. ఎందుకంటే వాత పెట్టించుకున్న వాళ్లలో చాలామందికి కామెర్లు తగ్గేవి. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు నాలుగైదు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు మాత్రం చువ్వకు దక్కేది.

అలా తగ్గని కామెర్ల సంగతి వేరు. హెపటైటిస్ బి వైరస్ కొందరి కాలేయంలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. కళ్ల పసుపు పోయాక మనిషి బాగానే తిరుగుతాడు, పొలం పనికి పోతాడు. లోపల కాలేయం మాత్రం గట్టిపడుతూ ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లకు ఆ గట్టిపడ్డ కాలేయంలో ఒక కాన్సర్ గడ్డ పుట్టొచ్చు. మా మామ్మ చెప్పిన "లోనకి తగలడం" అసలు అవసరమయ్యేది అప్పుడు.

ఆ పని ఇప్పుడు జరుగుతోంది. పొట్ట కోయకుండా, చర్మంలోంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమున్న సూదిని గడ్డ నడిమధ్యకు దింపి, దాని కొసను వేడెక్కించి, గడ్డను అక్కడికక్కడే ఉడికించేస్తారు. వైద్యులు దీన్ని అబ్లేషన్ అంటారు. విద్యుత్తుతో చేస్తే రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్, సూక్ష్మతరంగాలతో చేస్తే మైక్రోవేవ్ అబ్లేషన్. నాకు మాత్రం ఎప్పుడు చూసినా అది లోపలి వాతలాగే కనిపిస్తుంది. బయటి వాతకూ దీనికీ ఉన్న తేడా అంతా మూడు ప్రశ్నల్లో ఉంది: ఎంత వేడి, ఎంతసేపు, సరిగ్గా ఎక్కడ?

కాల్చి నయం చేయడం మనకు కొత్త విద్య కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ఒక అధ్యాయమే ఉంది. అందులో నాకు ఆశ్చర్యం కలిగించింది కాల్చమనడం కాదు, దేనితో కాల్చాలో చెప్పిన తీరు. చర్మానికైతే పిప్పళ్లు, మేక పెంటికలు, ఆవు పన్ను లాంటివి. మాంసానికైతే లోహపు పనిముట్లు. ఇంకా లోతున్న నరాలకూ, కీళ్లకూ, ఎముకలకూ కాగిన తేనె, బెల్లం, నూనె లాంటివి. ఒక్కో వస్తువు ఒక్కో రకంగా వేడిని పట్టి ఉంచుతుంది, ఒక్కో వేగంతో వదులుతుంది. థర్మామీటరు లేని రోజుల్లో వేడికి కొలత కట్టడానికి చేసిన ప్రయత్నం అది. శరత్తులోనూ గ్రీష్మంలోనూ ఈ పని పెట్టుకోవద్దని కూడా అక్కడే ఉంది. మా ఊరి చువ్వకు ఆ పాటి శాస్త్రం కూడా లేదు.

ఇంతకీ వేడికి కణితి ఎందుకు చస్తుంది? కోడిగుడ్డును తలుచుకోండి. నీళ్లలాంటి తెల్లసొన వేడి తగలగానే తెల్లగా గడ్డకడుతుంది. చల్లార్చినా తిరిగి నీళ్లలా మారదు. మన శరీరంలో ప్రతి కణమూ లోపల అలాంటి మాంసకృత్తులతోనే నడుస్తుంది. 60 డిగ్రీలు దాటితే అవి దాదాపు తక్షణం గడ్డకడతాయి, కణం అక్కడితో ఆఖరు. 50 డిగ్రీల దగ్గర కూడా చస్తుంది గానీ నిమిషాలు పడుతుంది. 43 దగ్గరైతే గంటలు.

దీనికి శాస్త్రజ్ఞులు ఒక లెక్క కట్టారు. 43 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ చంపడానికి పట్టే సమయం సగమవుతూ వస్తుంది. 43 దగ్గర 240 నిమిషాలు పడితే, 44 దగ్గర 120, 45 దగ్గర 60, 46 దగ్గర అరగంట, 47 దగ్గర పావుగంట. మనవాళ్లు బెల్లం వండేటప్పుడు చేసే లెక్క ఇలాంటిదే. సంకిలి చక్కెర ఫ్యాక్టరీ రాకముందు నుంచీ ఇక్కడ చెరకు రసం పెనంలో కాగేది. మంట పెంచితే పాకం తొందరగా దిగుతుంది, తగ్గిస్తే ఆలస్యంగా దిగుతుంది, వేడీ సమయమూ రెండూ కలిస్తేనే పాకం. రోహిణి కార్తెలో రాజాం బజారులో నలభై దాటిన ఎండలో నిలబడ్డా మన కణాలు ఉడకవు, చెమట పట్టించి ఒళ్లు తన వేడిని 37 దగ్గరే పట్టుకుంటుంది. కణితిని చంపాలంటే ఆ కాపలాను దాటుకుని, ఒక్క చోటే, కొన్ని నిమిషాలే వేడి పెట్టాలి.

ఆ వేడిని లోపలికి చేర్చే దారి దొరికింది 1891లో. ఫ్రాన్స్‌లో దార్సొన్వాల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక విచిత్రం గమనించాడు. విద్యుత్తు దిశ సెకనుకు పదివేల సార్లకు మించి మారుతుంటే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి పోతున్నా కండరం కొట్టుకోదు, షాక్ తగలదు. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అందుకే తీగ పట్టుకుంటే నరాలు బెంబేలెత్తిపోతాయి. అదే కరెంటు సెకనుకు నాలుగైదు లక్షల సార్లు ఊగితే, ఒక ఊపుకు నరం స్పందించే లోపే రెండో ఊపు వచ్చేస్తుంది. నరానికి ఏమీ తెలియదు. ఆ దారిలో పడ్డ కణజాలం మాత్రం వేడెక్కుతుంది. 1926 అక్టోబరు 1న అమెరికాలోని బోస్టన్‌లో హార్వీ కుషింగ్ అనే మెదడు శస్త్రవైద్యుడు, బోవీ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన విద్యుత్ పరికరంతో రక్తం కారకుండా కణితిని కోశాడు. ఇవాళ ఏ ఆపరేషన్ థియేటరులోనైనా కనిపించే ఎలక్ట్రిక్ కత్తికి అదే మూలం. ఆ కత్తినే సూదిగా చేసి కాలేయంలోకి దింపవచ్చని 1990లో ఇటలీలో రోసీ బృందం, అమెరికాలో మెక్‌గహన్ బృందం విడివిడిగా చూపించాయి. కొద్ది ఏళ్లకే అది రోగుల దగ్గరికి వచ్చింది.

రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిలో రోగి తొడలకు రెండు పెద్ద జిగురు ప్యాడ్లు అంటిస్తారు. కరెంటు సూది కొస నుంచి బయల్దేరి ఒళ్లంతా పరుచుకుని ఆ ప్యాడ్లలోంచి బయటికి పోతుంది. కొస దగ్గర దారి ఇరుకు. అక్కడి ఉప్పు అయాన్లు అటూ ఇటూ కొట్టుకులాడి రాపిడికి వేడెక్కుతాయి. ప్యాడ్ల దగ్గర దారి విశాలం కాబట్టి వేడి తెలియదు. సంత రోజున సందులో తోపులాట ఉంటుంది, మైదానంలో ఉండదు. ప్యాడ్ సరిగా అంటకపోతే మాత్రం అక్కడా సందు తయారవుతుంది, తొడ కాలుతుంది. అందుకే నర్సమ్మలు ఆ ప్యాడ్లను అన్నిసార్లు నొక్కి చూస్తారు.

ఇక్కడొక చిక్కుంది. గారెలు వేసే ఎవరికైనా అది తెలుసు. నూనె మరీ కాగితే గారె పైన మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. సూది కొస దగ్గర వేడి 100 డిగ్రీలు దాటితే అక్కడి నీరు ఆవిరైపోతుంది, కణజాలం బొగ్గవుతుంది. బొగ్గయిన పొర కరెంటును ముందుకు పోనివ్వదు. గడ్డ అంచు పచ్చిగా మిగిలిపోతుంది. అలా మిగిలిన అంచులోంచే కాన్సర్ మళ్లీ మొలుస్తుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వింటే నవ్వొస్తుంది: కాల్చే సూది లోపల చల్లటి నీళ్లు తిప్పుతారు. కొస చల్లగా ఉంటే పక్కనున్న మాంసం మాడదు, కరెంటు దూరం దాకా పోతుంది, గారె లోపలి దాకా వేగుతుంది.

మైక్రోవేవ్ పద్ధతికి ఈ బాధ తక్కువ. అది వంటింటి ఓవెన్ సూత్రమే. చాలా యంత్రాలు ఓవెన్ వాడే తరంగాలనే, అంటే సెకనుకు 245 కోట్ల సార్లు ఊగే వాటినే వాడతాయి. నీటి అణువుకు ఒక కొస ధనావేశం, ఇంకో కొస రుణావేశం. తరంగం ఊగిన ప్రతిసారీ అణువు తిరగబోతుంది, ఆ తిరుగుడే వేడి. బొగ్గును దాటుకుని కూడా తరంగం పోతుంది. తొడలకు ప్యాడ్లు అక్కర్లేదు. పని కూడా తొందరగా అవుతుంది, ఒక్కో గడ్డకు తరచూ పది నిమిషాల లోపే.

పని జరిగే తీరు చూసినవాళ్లు అది ఆపరేషన్‌లా ఉండదంటారు. చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. ఆయన చూపు రోగి పొట్ట మీద కన్నా స్క్రీను మీదే ఎక్కువ. అల్ట్రాసౌండులోనో సీటీలోనో చూస్తూ సూదిని దింపుతారు. రోగికి మత్తిస్తారు, కొన్నిచోట్ల పూర్తి మత్తు, కొన్నిచోట్ల నిద్రమత్తూ చర్మానికి మొద్దుబారే ఇంజక్షనూ. గడ్డకు ఆనుకుని పేగు ఉంటే అది కూడా ఉడికే ప్రమాదం ఉంది. అప్పుడు రెండింటి మధ్యలోకి ఇంకో సన్నటి సూదితో నీళ్లు ఎక్కించి పేగును పక్కకు నెడతారు. రేడియోఫ్రీక్వెన్సీ అయితే ఆ నీళ్లు ఉప్పు సెలైన్ కాకూడదు, ఉప్పునీరు కరెంటును మోసుకుపోతుంది. మనకు నీరసం వస్తే ఎక్కించే గ్లూకోజ్ సీసా, అదే డెక్స్‌ట్రోజు నీరు, ఆ పనికి వాడతారు. చివర్లో సూదిని వెనక్కి తీస్తూ వచ్చిన దారిని కూడా కాలుస్తూ వస్తారు. రక్తం కారకుండానూ, సూదికి అంటుకున్న కాన్సర్ కణం దారిలో రాలిపోకుండానూ. చర్మం మీద మిగిలేది ఒక చిన్న గాటు. చాలామంది మర్నాడో, ఆ మరుసటి రోజో ఇంటికి పోతారు.

నాలుగైదు రోజులు కొంచెం జ్వరం, ఒళ్లునొప్పులు ఉండొచ్చు. చచ్చిన కణాలను ఒళ్లు ఊడ్చుకునే పని అది. జ్వరం ఎక్కువై వణుకు వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు, ఉడికిన చోట చీము పట్టి ఉండొచ్చు. నెల తర్వాత తీసే స్కానులో ఇంకో తమాషా. రెండు సెంటీమీటర్ల గడ్డను కాల్చితే రిపోర్టులో నాలుగు సెంటీమీటర్ల మచ్చ అని వస్తుంది. గడ్డ రెట్టింపైందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఆ నాలుగు సెంటీమీటర్లూ కాలిన చోటు, గడ్డ కాదు. దానిలోకి రక్తం పోతోందా లేదా అన్నదే చూడాల్సింది. పోకపోతే పని అయినట్టే. ఆ మచ్చ నెలల మీద నెమ్మదిగా ముడుచుకుంటుంది.

ఇంత సులువైన పనైతే అందరికీ చేయొచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. చేయలేరు. కారణం లెక్కలో ఉంది. ఆ లెక్కే ఈ వైద్యానికంతటికీ ఆయువుపట్టు.

మూడు సెంటీమీటర్ల గడ్డ అంటే పెద్ద ఉసిరికాయంత. కంటికి కనిపించే గడ్డను కాలిస్తే చాలదు, చుట్టూ ఒక సెంటీమీటరు మంచి కాలేయాన్ని కూడా కాల్చాలి. కంటికి ఆనని కణాలు అంచుల్లో దాక్కుంటాయి. అంటే ఉడికించాల్సిన ఉండ అడ్డకొలత ఐదు సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్ల ఉండ పరిమాణం దాదాపు 14 మిల్లీలీటర్లు, ఐదుది 65. గడ్డ ఐదు సెంటీమీటర్లుంటే ఏడు సెంటీమీటర్ల ఉండను ఉడికించాలి, అది 180 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుకు పైమాటే. గడ్డ కొంచెం పెరిగితే సూది మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే కాలేయంలో పుట్టిన కాన్సర్‌కు రెండు సెంటీమీటర్ల లోపైతే ఆపరేషన్‌తో సమానంగానూ, మూడు లోపైతే చాలా బాగానూ ఈ వైద్యం పనిచేస్తుంది. ఐదు దాటితే సూది ఒక్కదాన్నే నమ్ముకోరు.

పరిమాణం ఒక్కటే కాదు, పొరుగు కూడా చూడాలి. కాగుతున్న గిన్నెను నాగావళి పారే నీటిలో పెడితే ఎంత మంట పెట్టినా గిన్నె కాగదు. కాలేయంలో మూడు మిల్లీమీటర్లకు పైబడ్డ రక్తనాళం పక్కనే గడ్డ ఉంటే అదే జరుగుతుంది. పారే రక్తం వేడిని మోసుకుపోతుంది, ఆ వైపు అంచు పచ్చిగా మిగులుతుంది. మైక్రోవేవ్‌కు ఈ ఇబ్బంది కొంత తక్కువ. పైత్యరసం మోసే పెద్ద నాళాల పక్కన గడ్డ ఉంటే భయం ఇంకో రకం, ఆ నాళమే కాలిపోతే కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఈ సూది ఆపరేషన్‌కు సాటిరాదన్న మాట చాలాకాలం వినిపించేది. పేగు కాన్సర్ కాలేయానికి పాకినప్పుడు కోసి తీయడమే సరైన దారి అనేవారు. నెదర్లాండ్స్ వైద్యులు ముందుండి నడిపిన కొలిజన్ అనే పరీక్ష ఆ వాదానికి 2024లో జవాబిచ్చింది. మూడు సెంటీమీటర్లకు మించని గడ్డలున్న దాదాపు మూడువందల మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కోత, ఒక జట్టుకు సూది. బతికిన కాలంలో సూది వెనకపడలేదు. దుష్ఫలితాలు కోత జట్టులో 46 శాతం మందికి, సూది జట్టులో 19 శాతం మందికి. ఇక్కడా గీత మూడు సెంటీమీటర్ల దగ్గరే ఉందని గమనించండి.

కాలేయం ఒక్కటే కాదు. కుర్రాళ్ల ఎముకల్లో ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని ఒక చిన్న గడ్డ వస్తుంది. కాన్సర్ కాదు, రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. రాత్రయితే మాత్రం ఎముకలో పోటు, ఆస్పిరిన్ వేస్తే చిత్రంగా తగ్గిపోతుంది. పెరిగే వయసు నొప్పులని ఏళ్ల తరబడి కాళ్లు పిసికించుకున్న పిల్లలున్నారు. వెనకటికి ఎముక చెక్కి తీసేవారు. 1992లో అమెరికా వైద్యుడు రోజెంతాల్ బృందం సూదితో కాల్చవచ్చని చూపింది. 90 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు, అంతే. ఈ వైద్యం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇదే. ఏళ్ల నొప్పి ఒక పూటలో పోతుంది.

మూత్రపిండాల్లో చిన్న కణితులకూ ఇదే సూది వాడతారు. కిడ్నీ మొత్తం తీసేయకుండా గడ్డ మేరకే కాల్చడం వల్ల మిగతా కిడ్నీ దక్కుతుంది. ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో కుంగిపోవడం చూసిన సిక్కోలు జిల్లాకు, దక్కే ప్రతి కిడ్నీ ముక్క విలువా విడమరచి చెప్పక్కర్లేదు. గర్భసంచి గడ్డలకైతే సూది కూడా లేకుండా, భూతద్దంతో ఎండను ఒకచోట పట్టినట్టు శబ్దతరంగాలను లోపల ఒక బిందువు దగ్గర కలిపి కాల్చే యంత్రానికి 2004లోనే అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక మా వైపు వేడి ఇంకో పనికి వచ్చిన కథ చెప్పాలి. అడ్డచుట్ట కథ. కాలే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడాన్ని అడ్డపొగ అంటారు. పాత శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్లకు అది అమ్మల దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. చంకలో పిల్ల మీద నిప్పు రాలదు, గాలికి చుట్ట ఆరదు, పని చేసుకుంటూ తాగొచ్చు. ఆ నిప్పుకు నేరుగా తగిలేది అంగిలి. కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సర్‌కూ అడ్డచుట్టకూ ఉన్న బంధాన్ని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు ప్రచురించారు. తర్వాత డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, బొంబాయి దంతవైద్యుడు ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసింది. వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. 1971లో ఆ లెక్కలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్‌లో అచ్చయ్యాయి. ప్రపంచ కాన్సర్ శాస్త్రంలో మా పాత జిల్లా పేరు ఎక్కిన తీరు అది. ఆ తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకు ఊరూరా తిరిగి చెప్పి మానిపించే ప్రయత్నం చేశారు. దాని ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. మానినచోట నోటిలో మచ్చలు తగ్గాయి.

రోజూ, ఏళ్ల తరబడి, పొగాకు విషంతో కలిసి అంగిలికి తగిలే వేడి కాన్సర్‌ను పుట్టిస్తుంది. ఒక్కసారి, కొన్ని నిమిషాలు, కణితి నడుమ పెట్టే వేడి కాన్సర్‌ను చంపుతుంది. మా మామ్మ కూడా అడ్డచుట్టే తాగేది. ఆవిడ దృష్టిలో రెండూ నిప్పే. అంగిలి కాన్సర్‌కు మాత్రం ఈ సూది వైద్యం కాదు, అక్కడ కోత, రేడియేషనే దారి.

ఈ తేడాలు చెప్పకుండా "కోత లేదు, కుట్టు లేదు, ఏ కాన్సర్‌కైనా సూదితో మంగళం" అనే ప్రకటనలు నాకు చిరాకు తెప్పిస్తాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఉసిరికాయంత గడ్డకు పనికొచ్చినదాన్ని కొబ్బరికాయంత గడ్డకు పెట్టమంటే డబ్బుకు వాత పడుతుంది, రోజులకూ పడుతుంది. మీ గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని ఉన్నాయి, పక్కన పెద్ద నాళం ఉందా, ఇలాంటివి ఆ డాక్టరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు. ఈ నాలుగూ అడగడానికి మొహమాటపడొద్దు. ఒక్క రేడియాలజిస్టే కాకుండా సర్జనూ, కాన్సర్ వైద్యుడూ కలిసి కూర్చుని నిర్ణయించే చోటికి పోవడం మేలు. రాజాం నుంచి అంటే విశాఖ, లేదా హైదరాబాద్. ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో కూర్చునే వైద్యమిత్రను ముందే అడగాలి.

అసలు కష్టం ఆసుపత్రి దూరం కాదు, గడ్డ కనపడే వేళ. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైపొర సాగినప్పుడే నొప్పి పుడుతుంది. పొర సాగేసరికి గడ్డ సూదికి అందే పరిమాణం దాటిపోయి ఉంటుంది. ఆలస్యంగా అందే కబురు ఎలాంటిదో మా ఊరికి తెలుసు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కూలుస్తున్నప్పుడు తాండ్ర పాపారాయుడు ఉన్నది ఇక్కడే, రాజాంలో. పెద్ద దూరమేమీ కాదు. కబురు అందేసరికి కోట లేదు. ఆ ఆలస్యాన్ని బుర్రకథల్లో విని కళ్లు తుడుచుకున్న ఊరు మాది. కాలేయం విషయంలో కబురు దానంతటది రాదు, మనమే వెళ్లి అడగాలి.

అడగాల్సిన వాళ్లెవరో తెలుసు. హెపటైటిస్ బి ఉన్నట్టు రక్తపరీక్షలో ఒకసారైనా తేలినవాళ్లు. హెపటైటిస్ సి వచ్చినవాళ్లు. తాగుడు వల్ల గానీ, కొవ్వు పట్టడం వల్ల గానీ కాలేయం గట్టిపడిందని డాక్టరు చెప్పినవాళ్లు. హెపటైటిస్ బి ఉన్న వాళ్లింట్లో మిగతా అందరూ పరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. ఆ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, మామూలు ఇళ్లకు అందే ధర కాదు. నెల్లూరు జిల్లావాడైన వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి పేరుతో దాన్ని ఇక్కడే తయారుచేశాక ధర దిగొచ్చింది. ఇప్పుడు పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తున్నారు. ఆ టీకా డోసులన్నీ పడిన పిల్లకు ఈ వ్యాసంలో చెప్పిన సూది అవసరం చాలావరకు రాదు.

టీకా కాలానికి ముందు పుట్టి వైరస్ అప్పటికే ఒంట్లో ఉన్నవాళ్లకు, కాలేయం గట్టిపడినవాళ్లకు మిగిలిన దారి ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండు, డాక్టరు చెబితే దానితోపాటు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. ఒంట్లో బాగానే ఉన్నా సరే. పాత రిపోర్టులు పారేయకండి, పోయినసారి లేని మచ్చ ఈసారి కనిపించిందంటే అదే కబురు. సంక్రాంతికి ఒకసారి చేయించుకుంటే, మళ్లీ ఆషాఢంలో.